ముప్పై శాతం నీళ్లు

హూమా ఊళ్లో, కోర్టు వీధి మూల, రెండో అంతస్తు గది.
ఏసీ రొద. కాగితం కప్పుల్లో చికొరీ కాఫీ.
నా పని వేళ్లతో వినడం.
ఎవరేమన్నా మిషన్‌లోకి దించేస్తాను, దగ్గు తప్ప.
ఏడుపైనా సరే, అందులో మాట కలిస్తేనే.

ఎదురుగా ఎల్డ్రిజ్ నాకెన్.
సముద్రంలో నూనె బావుల మీద పదహారేళ్లు కరెంటు మేస్త్రీ.
ఎడం అరచేతిలో మినపగింజంత మచ్చ,
కరెంటు లోపలికొచ్చిన గుమ్మం.
బయటికెళ్లిన గుమ్మం కుడి మడమలో.
దారి పొడుగునా ఏం కాలిందో ఫొటోల్లో పడలేదు.
'అంతా మామూలే' అని రాశాడు కంపెనీ డాక్టరు.

"తీగలో కరెంటుందని తెలీదా?"
"ఆపేశామన్నారు. తాళం వెయ్యడం చూశాను."
"ఏ పెట్టెకి వేశారో చూశారా?"

జవాబు లేదు, అని కొట్టాను.
నాలుగు సెకన్ల మౌనానికీ నలభై సెకన్ల మౌనానికీ
నా దగ్గరున్నది ఆ ఒక్క మాటే.

"మరి ఎందుకు వదల్లేదు?"
అతను చెయ్యెత్తి, గుప్పిట బిగించి చూపించాడు.
విప్పబోతే చివరి రెండు వేళ్లు రాలేదు.
"నోటితో చెప్పండి, రాసుకునే ఆవిడకి చేతులు వినపడవు."
"నేను పట్టుకోలేదండీ. అదే నన్ను పట్టుకుంది."

అసలు తగువు చేతి గురించి కాదు.
దెబ్బ తగిలింది సముద్రంలో పాతిన ఇనప దిమ్మ మీద. అది ఓడ కాదు.
పడుకునేది ఒక్కోవారం దాని మీదే,
ఒక్కోవారం మూడు కాళ్లు దించుకుని నిలబడే లిఫ్ట్ బోటు మీద. అది ఓడే.
పనిలో ముప్పై శాతమైనా ఓడ మీద గడిస్తే నావికుడు,
జ్యూరీ ముందు నొప్పికి కూడా వెల అడగొచ్చు.
తగ్గితే పట్టిక ఉంది:
బొటనవేలికి డెబ్బై అయిదు వారాలు,
చూపుడువేలికి నలభై ఆరు,
చిటికెన వేలికి పదిహేను.
రాత్రి ఫ్రిజ్ గుర్రుమంటే మంచం దిగి
వరండాలోకి పరిగెత్తడానికి వారాలెన్నో
మధ్యాహ్నం విరామంలో వెతికాను. కనపడలేదు.

గండం గడిచినవాణ్ని ఒడ్డున పడ్డాడంటాం.
ఇక్కడ తిరకాసేమిటంటే
నీళ్ల మీద ఉన్నాడని తేలితేనే ఇతను ఒడ్డున పడతాడు.

కంపెనీ లెక్క, ఇరవై ఆరు శాతం.

అప్పుడు అతని భార్య ఓడెలీ సంచిలోంచి
ఎరలమ్మే కొట్టువాడిచ్చిన కేలండరు తీసింది,
ఆటుపోట్ల వేళలు అచ్చేసింది, రొయ్యల వాసనది.
రోజూ రాత్రి ఫోన్లో అడిగేదట: "ఊగుతోందా?"
ఊగుతోందంటే ఆ గడిలో ఒక అల. లేదంటే గీత.
"ఎందుకలా?"
"ఊగితే ఆయనకి నిద్ర పడుతుంది. నాకూ పడుతుంది."
"కాళ్లు దించిన బోటు ఊగదు కదమ్మా?"
"మీరెప్పుడూ పడుకోలేదు దాని మీద."

నూట ఎనభై రెండు రాత్రులకి యాభై ఆరు అలలు.
అందులో మూడింటి మీద కాఫీ ఒలికింది.
ఆ మూడూ పోతే ఇరవై తొమ్మిది శాతం.
లాయరు పెన్ను కొనతో మరక చుట్టూ తిరిగాడు, ఈగలాగా.

"సిరా పోయినా గాడి ఉంటుంది," అందావిడ, "తడిమి చూడండి."
ఎవరూ కదల్లేదు.
ఎల్డ్రిజ్ ఎడమచెయ్యి చాపి మరక మీద రాశాడు,
ఒకసారి, మళ్లీ ఒకసారి.
ఏమీ తెలియలేదు, మొహం చూస్తే చాలు.
చెయ్యి మార్చాడు.

"అల," అన్నాడు.

సాక్షిని ఎవరూ అడగలేదు, ఆ మాట కొట్టేయండి, అన్నాడు లాయరు.
కొట్టేయమన్నారని రాశాను.
దాని పై వరసలో అల అలాగే ఉంది,
నూట నాలుగో పేజీలో.